పద్నాలుగో ఫుట్‌నోట్

ఆరేండ్ల నుంచి నేనొక బరువు మోస్తున్న. ఎంత బరువని అడుగుతారేమో. వడ్ల సీజన్‌లో సూర్యాపేట మార్కెట్‌కు వచ్చే లారీలన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ పైన బస్ డిపోను పెట్టి, డిపో మీద మా ప్రిన్సిపాల్‌ను ఫైళ్లతో సహా కూర్చోబెడితే ఎంతయితదో అంత. కాంటా మీద పెడితే మాత్రం నాలుగు లైన్లు. ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాలతో, ఒక పేజీ అడుగున ఉన్న నాలుగు లైన్లు.

మీరెవరో నాకు తెలువదు. మీకు చెప్తున్నది అందుకే. తెలిసినోళ్లకు చెప్పే దమ్ము ఉంటే ఆరేండ్లు పట్టేది కాదు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలె. దేన్నయినా పెంచి చెప్పే జబ్బు ఉన్నది నాకు. నాకు జ్వరమొస్తే మా ఆవిడ నేను చెప్పిన దాంట్లోంచి ముందు రెండు డిగ్రీలు తీసేసి, ఆ తర్వాతే థర్మామీటర్ కోసం వెతుకుతది. మీరు కూడా అట్లనే తీసేసుకుంట చదవండి. కొన్ని చోట్ల తీసెయ్యడానికి ఏమీ ఉండదు. ఆ చోట్లు మీకే తెలుస్తయి.

నేను మిర్యాలగూడలో ఒక లా కాలేజీలో రాజ్యాంగం చెప్తా. ఇల్లు సూర్యాపేట. పొద్దున పోయే బస్సులో సీట్లు యాభై, మనుషులు నాలుగు వందలు, అందులో నా చెవి మీద మోచెయ్యి పెట్టి నిలబడేది కనీసం డెబ్బై మంది. ఆ బస్సులోనే నా పరిశోధన పుట్టింది. ప్రభుత్వం కంప్యూటర్లనూ మిషన్లనూ చేతబట్టుకొని ప్రజలను ఎట్ల చూస్తున్నదన్నది నా విషయం. మనిషి ఒళ్లు మనిషిది కదా. మరి వేలి మీది గీతలు సర్కారు అడిగితే ఇచ్చి తీరాలా? ఇచ్చినంక ఆ గీతలు ఎవరివి? ఒకరి సంగతులు వాళ్లనడగకుండ ఇంకొకరి చేతికి పోవచ్చునా? ఈ మూడు ప్రశ్నలు పట్టుకొని నేను తిరగని చోటు లేదు. కటింగ్ షాపులో కత్తి నా గొంతు మీద ఉన్నప్పుడు కూడా గోప్యత హక్కు గురించి చెప్పిన. ఆయన ఒక్కటే అన్నడు, "సార్, కదలకున్రి."

మూడో ప్రశ్నను గుర్తు పెట్టుకోండి. నేను మర్చిపోయింది దాన్నే.

అప్పుడప్పుడే పింఛన్లకు వేలిముద్ర మిషన్లు వచ్చినయి. అంతకుముందు సంతకమో నిశానీయో తీసుకొని చేతికిచ్చేది. ఇప్పుడు కార్డు పెట్టాలె, అద్దం మీద వేలు పెట్టాలె, పచ్చ లైటు వెలగాలె. వెలిగితేనే పింఛన్. సూర్యాపేట దగ్గర్లనే ఒక ఊర్లో దీన్ని దగ్గర కూర్చొని చూడాలని పోయిన. ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో తెలుస్తది.

సోమయ్య సేటు కిరాణా దుకాణం అరుగు మీద మిషన్ పెట్టేటోళ్లు. ఊర్లో కరెంటూ నీడా రెండూ ఒక్కచోట దొరికేది అక్కడేనట. మిషన్ చూస్తే ఇటుకంత. దాని పొగరు చూస్తే జిల్లాకే పెద్దది. దాన్ని నడిపేది యాదమ్మ. గొర్లు కాసే ఇంటి కోడలు, ఇంటర్ పాసయింది, ఆ ఊర్లో తన పేరు మీద ఉద్యోగమున్న మొదటి ఆడమనిషి. మెడలో ఐడీ కార్డు వేసుకొని కూర్చుంటే పెద్ద పెద్దోళ్లు కూడా వరుసలో నిలబడేది.

లింగమ్మను మొదట అక్కడే చూసిన. వయసు తొంభై అన్నది ఆమె, కార్డు మీద అరవై ఎనిమిది ఉన్నది, నాకైతే నూట యాభై అనిపించింది. చిన్నప్పటి నుంచి ఉన్ని వడికి గొంగళ్లకు దారం తీసిన చేతులవి. వేళ్ల మీద ఒక్క గీత లేదు, కడిగిన పలకలెక్క ఉన్నయి. మిషన్‌లో రికార్డు చేసిన ఒక ఆడగొంతు "మళ్లీ ప్రయత్నించండి" అంటుంటది. ఎవరి వేలు పడకున్నా, తన వేలే పడనట్టు లింగమ్మ ఆ గొంతు మీదికి లేచేది.

"ఏందే మళ్ల మళ్ల? నువ్వెవలే నన్ను లింగమ్మను కాదనేదానికి? బయటికి రా, నీ మొకం జూస్త!"

"అది మిషన్, అత్తా. దానికి మొకముండది," అని నవ్వేది యాదమ్మ. అత్త అన్నది ఊరి వరుసకే.

"మొకం లేనిదానికి నా యేలెందుకే?"

మూడు వందల పేజీల పుస్తకంలో నేను చెప్పబోయేది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. కుళ్లుకుంటనే నోటు చేసుకున్న.

అయినా లింగమ్మకు పింఛన్ వచ్చేది. ఎట్ల? కార్డులు చేసే రోజున కంపెనీ మనుషులు వచ్చి, పదకొండు మంది ముసలోళ్ల వేళ్లు పడకపోతే వాళ్లకు కార్డు లేదని చెప్పి, అన్నానికి పోయిన్రట. వాళ్లు తిని వచ్చేలోపు యాదమ్మ ఆ పదకొండు మంది కార్డుల్లోకీ వాళ్ల ఇంట్లోవాళ్ల వేలిముద్రలు ఎక్కించింది. కోడలిదో, బిడ్డదో. లింగమ్మ కార్డుకు ఆమె కోడలిది. అయితే దానికొక పద్ధతి పెట్టింది. పింఛన్ రోజు ముసలామె స్వయంగా వచ్చి కూర్చోవాలె. కోడలి మణికట్టును తన చేత్తో పట్టుకొని, ఆఫీసుల ముద్ర కొట్టినట్టు, ఆ వేలును తానే అద్దం మీద ఒత్తాలె. పచ్చ లైటు వెలిగినంక పైసలు ఆ ముసలి చేతిలోనే పెట్టేది. కోడలు చెయ్యి చాపితే యాదమ్మ కసిరేది: "నీకు గాదు. మణికట్టు ఎవలు వట్టిన్రో ఆ చేతికే."

రాజ్యాంగం చదువుకున్నోణ్ణి, చెప్తున్న. ఇరవై ఏండ్లలో అంత న్యాయమైన పద్ధతిని నేను ఏ ఆఫీసులోనూ చూడలే.

ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు. మూడో రోజు, నేను మిషన్‌ను తిడుతుంటే నమ్మకం కుదిరి, యాదమ్మనే చెప్పింది. చెప్పి, "సార్, గిది మీతోనే ఉండాలె. బయటికి పోతే మా పని ఖతం," అన్నది. నాకు చెప్పింది మూసీల పడ్డట్టే అనుకో అన్న. ఛాతీ మీద చెయ్యి కూడా పెట్టుకున్న. ఎవరూ అడగకున్నా పెట్టుకున్న.

రెండు నెలలకు కోదాడలో ఒక సదస్సు. నా పత్రం ఇరవై రెండు పేజీలు. ఒకరి సంగతిని వాళ్ల అనుమతి లేకుండ వాడుకోవడం ఎంత ఘోరమో, పేజీ పేజీకి గొంతు పెంచుకుంట రాసిన. అందులో పద్నాలుగో నంబరు ఫుట్‌నోట్ ఒకటి. ఊరి పేరు, మండలం పేరు, పదకొండు మంది, ఎవరి వేలు బదులు ఎవరి వేలు, మిషన్ నడిపే ఆమె స్వయంగా చెప్పిందన్న మాట. అన్నీ అందులోనే.

ఎందుకు రాసిన? "ఒక ఊర్లో" అంటే సరిపోకపోయేదా? సరిపోయేది. మా చదువులో ఒక రోగమున్నది. ఆధారం లేని మాట రాస్తే, నడిబజార్ల పంచె జారినంత సిగ్గు మాకు. మొదట ఇదే కారణమని నాకు నేను చెప్పుకున్న. నాలుగైదు నెలలు నమ్మిన కూడా. నిజమేందంటే, అటువంటి ఉదాహరణ దేశంలో ఇంకెవరి దగ్గరా లేదు. నాది, నేను పట్టిన చేప. ఎంత పొడుగుందో అందరికీ చూపించాలె.

సదస్సుకు ముఖ్య అతిథిగా ఒక ఆఫీసరు వచ్చిండు. పింఛన్లు ఆయన కిందికే వస్తయి. భోజనాల దగ్గర నన్ను పిలిచి, "ఇది నిజంగా చూశారా?" అని అడిగిండు. అప్పుడన్నా బుద్ధి రావాలె కదా? నా దగ్గరున్న కాపీ తీసి, పద్నాలుగో ఫుట్‌నోట్ మీద పసుపు మార్కర్‌తో గీత కొట్టి, రెండు చేతులా ఇచ్చిన. "గొప్ప పని చేశారు ప్రొఫెసర్ గారూ," అన్నడు. నేను లెక్చరర్‌ను. ఆ ఒక్క ప్రొఫెసర్ అన్న మాటకు ఆ పూట పదిహేను చికెన్ ముక్కలు ఎక్కువ తిన్న. పదిహేను కాదు, మూడు. కానీ తిన్న.

నెలన్నర దాటకముందే ఊర్లోకి జీపు దిగింది. పదకొండు కార్డులు ఆపేసిన్రు. మిషన్ తీసుకపోయిన్రు. మోసం చేసిన్నని కాగితం మీద యాదమ్మతో సంతకం పెట్టించుకొని, పని నుంచి తీసేసిన్రు. కేసు పెడ్తమని బెదిరించి పోయిన్రు.

నాకు ఫోన్ చేసింది యాదమ్మనే. "సార్, జర రాండ్రి. మాకు కాయిదం రాసేటోళ్లు లేరు."

పోయిన. వాళ్ల ఇంటి ముందర, గొర్ల దొడ్డి పక్కన, మంచం వేసి కూర్చోబెట్టిన్రు. ఐడీ కార్డు లేని యాదమ్మ మెడ నాకు కొత్తగా కనిపించింది. ఆమె నిలబడే అడిగింది.

"సార్, మీరెవలికన్న జెప్పిన్రా?"

"నేనా?"

"తప్పుగ అనుకోకున్రి. అందర్ని అడిగిన. మా ఆయనను గూడ అడిగిన."

"నేను ఎవరికీ నోరు విప్పలేదమ్మా."

చూసిన్రా? నోరు విప్పలేదట. రాసిన గానీ నోరు విప్పలే. చిన్న కోర్టులో చిన్న వకీలు కూడా సిగ్గుపడే తప్పించుకోవడం. ఆ క్షణంలో నాకు అబద్ధమాడుతున్నట్టు కూడా అనిపియ్యలే. మెదడు దానంతట అదే సందు వెతికి, అందులోంచి దూరి, అవతల నిలబడి నన్ను చూసి చెయ్యి ఊపింది.

లింగమ్మనే నన్ను కాపాడింది. అది ఇంకా ఘోరం. "సారును అడుగుతవేందే పిల్లా? బుక్కులు సదువుకునేటాయన. ఆయనకేం పని? గా సోమయ్య సేటే. ఇంకెవడు గాదు."

సేటు మీద అనుమానం ఊరికే రాలేదు. పింఛన్ రోజుల్లో జనం అరుగంతా నిండి బేరం సాగడం లేదని ఆయన యాదమ్మతో కొట్లాడిండట. కోపంలో "మీ దొంగ ముద్రల కత పైకి జెప్తా" అని నలుగురి ముందర అన్నడట. అన్నడు, మర్చిపోయిండు. ఊరు మర్చిపోలే.

"అర్జీ రాయి కొడుకా," అన్నది లింగమ్మ. "మా పింఛను మాకియ్యమను. గా సేటు మీద గూడ రాయి."

రాసిన.

ఇక్కడ తీసెయ్యడానికి ఏమీ లేదు. నా చేత్తో, నా పెన్నుతో, పద్నాలుగో అధికరణం, ఇరవై ఒకటో అధికరణం రెండూ పెట్టి, పింఛన్లు తిరిగి ఇయ్యమని రాసిన. చివర్లో, సదరు దుకాణదారుడు కక్షతో తప్పుడు సమాచారమిచ్చినట్టు అనుమానమున్నది, విచారించండి అని కూడా రాసిన. చదివి వినిపిస్తే అందరూ బాగున్నదన్నరు. లింగమ్మ కొంగుతో కండ్లు తుడుచుకున్నది. జొన్నరొట్టె, కోడిగుడ్డు పులుసు పెట్టిన్రు. తిన్న. రుచిగ ఉన్నది. ఆ రుచి నాలుక మీంచి ఇంకా పోలే.

అక్కడితో ఆగినా ఇంత బరువయ్యేది కాదేమో. అర్జీ పట్టుకొని ఆఫీసుకు కూడా నేనే పోయిన. గుమస్తా ఫైలు తీసిండు. మొట్టమొదటి కాగితం నా ఇరవై రెండు పేజీలలో ఒకటి. పసుపు గీత జిరాక్సులో నల్లగా మారి, దాని పక్కన గుండ్రటి స్టాంపు. "ఎవరో పెద్ద మేధావి రాసిండు సార్," అన్నడు గుమస్తా. "ఆయన స్వయంగా చూసిండట. మోసం కాదని ఆయనే వచ్చి చెప్తే తప్ప ఈ కేసులో నేనేం చెయ్యలేను."

ఆయన గుమస్తా ముందరనే ఉన్నడు. నేనే ఆయన. ఒక్క మాట చాలు. ఈ పేజీ నాది, నేను చూసింది మోసం కాదు, ఆ ముసలామె తన పింఛన్‌ను తానే తీసుకున్నది అంటే అయిపోయేది. ఫ్యాను తిరుగుతున్నది. గుమస్తా టీ తాగుతున్నడు. నోరు తెరిచిన. "ఇంకేమన్న దారి ఉన్నదా?" అని అడిగిన.

ఎందుకట్లన్న? ఆ వారమే నా పత్రాన్ని ఒక పెద్ద పత్రికలో అచ్చేస్తామని ఉత్తరం వచ్చింది. నమ్మి చెప్పిన మాటను పేరుతో సహా బయటపెట్టినోడని తెలిస్తే అచ్చేస్తరా? ప్రమోషన్ దానితో ముడిపడి ఉన్నది. ఇప్పుడు చెప్తే నవ్వుతారు గానీ, ఫ్యాను కింద నిలబడి నేను ఆలోచించింది లింగమ్మ వేళ్ల గురించి కాదు. విజిటింగ్ కార్డు మీద అసోసియేట్ అన్న మాట ఎక్కడ పెడితే బాగుంటదని.

తిరిగి తిరిగి ఎనిమిది మందికి కొత్త కార్డులు వచ్చినయి. ఇద్దరు ఊరిడిచి బిడ్డల దగ్గరికి పోయిన్రు. లింగమ్మకు రాలే. మిగతావాళ్ల పేర్ల పక్కన చెరిగిన మోసం అన్న మాట, ఆమె పేరు పక్కన మాత్రం కంప్యూటర్‌లో కూర్చొని లేవలే. యాదమ్మకు ఉద్యోగం రాలే. మునగాలలో రోడ్డు పక్కన బట్టలు కుడుతున్నదని విన్న. కోదాడ పోయే బస్సు మునగాల దాటేటప్పుడు ప్రతిసారి ఎడమ కిటికీలోంచి కుడి కిటికీ దిక్కు తిరిగి కూర్చుంట. ఇప్పుడు నా మెడ ఆ దిక్కు దానంతట అదే తిరుగుతది.

సోమయ్య సేటు దుకాణానికి జనం పోవడం మానేసిన్రు. ఎవరూ కొట్టలే, తిట్టలే. ఉప్పు కోసం కూడా పక్కూరికి పోయిన్రు. ఏడాదికి ఆయన దుకాణం మూసి, కోదాడలో బావమరిది రైస్ మిల్లులో పనికి చేరిండు. ఒకసారి బస్టాండ్‌లో దొరికిండు. కోదాడ పోయి ఏడాది కాలే, అప్పుడే మాటల చివర 'అండి' తగిలించుకున్నడు.

"సార్, మీరు పెద్దవాళ్లు, మీ మాట వింటారండి. ఒక్కసారి ఊళ్లో చెప్పండి. కోపంల అన్ననే గానీ, నేను జెప్పలే సార్. మా అమ్మ తోడు జెప్పలే."

"చెప్తా సేటూ," అన్న.

ఆయన నాకు టీ తాగించిండు. పైసలు నన్ను ఇయ్యనియ్యలే. ఆయన ముఖంలోకి నేను చూసిన్నా, చూడలేదా? గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించిన. గ్లాసు గుర్తొస్తది. గ్లాసు అంచు మీద పగులు గుర్తొస్తది. ముఖం రాదు.

కొన్నిసార్లు నా మీద నాకే ఎంత కోపమొస్తదంటే, ఆ కోపంతో రైస్ మిల్లు నడపొచ్చు. పుట్టిన దగ్గర్నుంచి ప్రతిదీ పెంచి చెప్పినోణ్ణి. చిన్న పామును చూస్తే కొండచిలువన్నోణ్ణి. బతుకు మొత్తంలో ఒక్కచోట, ఒకే ఒక్కచోట, లెక్క తప్పకుండ ఉన్నది ఉన్నట్టు రాసిన. పదకొండంటే పదకొండు. నూట పదకొండని రాసి ఉంటే ఆ ఆఫీసరు నవ్వి పక్కన పడేసేటోడు. నా జబ్బు ఆ రోజు ఎటు పోయింది?

పత్రం అచ్చయింది. ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు దేశమంతా వేళ్లు ఇస్తున్నది, కండ్లు కూడా ఇస్తున్నది. అందుకని నన్ను సభలకు పిలుస్తున్నరు. గోప్యత గురించి మాట్లాడమంటరు. శాలువా కప్పుతరు. శాలువాలు బీరువా నిండి మంచం కిందికి వచ్చినయి. ఒక సభలో ఒక అమ్మాయి లేచి, "సార్, మీ పరిశోధనలో మనుషుల సంగతులను మీరెట్ల కాపాడిన్రు?" అని అడిగింది. ముప్పావు గంట జవాబు చెప్పిన. చప్పట్లు కొట్టిన్రు.

ఈ ఏడు రాష్ట్రం కొత్తదయింది. పింఛన్లకు మళ్లీ దరఖాస్తులు తీసుకున్నరు. పోయిన వారం లింగమ్మ ఆటో ఎక్కి, సూర్యాపేటలో మా ఇల్లు వెతుక్కుంట వచ్చింది. ఒక కాగితం చాపింది. "ఏం రాసిన్రో సదువు కొడుకా. మావోళ్లు తలొక తీర్గ జెప్తున్నరు."

చదివిన. తిరస్కరించడమైనది. కారణం: వేలిముద్ర మోసం, పాత రికార్డు. రాష్ట్రం మారింది, పటం మారింది, ఆఫీసర్లు మారిన్రు, బోర్డుల మీద రంగు మారింది. నా ఫుట్‌నోట్ మాత్రం పాత కంప్యూటర్‌లోంచి కొత్త కంప్యూటర్‌లోకి, ఒక్క అక్షరం చెడకుండ, క్షేమంగా వచ్చి చేరింది. నేను రాసిన వేరే ఏ మాటకూ సర్కారు ఇంత విలువ ఇయ్యలే.

"ఏమున్నది కొడుకా?"

"మిషన్ ఖరాబయిందట, అవ్వా."

"దాని నోట్ల మన్ను బడ. ఆరేండ్ల సంది ఖరాబేనా?" అని నవ్వింది. లేచింది. నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయింది. మా ఇంట్లో గ్లాసు ఎవరూ కడగమనలే.

ఆమె పోయినంక కూడా నేను కుర్చీలోంచి లేవలే. మా ఆవిడ జ్వరమేమన్న వచ్చిందా అని అడిగింది. లేదన్న. మొదటిసారి ఆమె ఏమీ తీసెయ్యలే.

ఇప్పుడు ఒక ప్రమాణ పత్రం రాసిన. తెలుగులో. నాకు రాజ్యాంగం మీద వెయ్యి పేజీలు రాయడం అల్కగ వస్తది. ఈ నాలుగు వాక్యాలకు రెండు రోజులు పట్టింది. ప్రతిసారి ఏదో ఒక సాకు పెన్నులోంచి కారేది. చదువు, పరిశోధన, ఆనాటి పరిస్థితులు అనుకుంట. కొట్టేసి మళ్లీ రాసిన. మూడు కాపీలు. ఒకటి ఆఫీసుకు, ఒకటి మునగాలకు, ఒకటి కోదాడ రైస్ మిల్లుకు. వాటి మీద నా పేరున్నది. ఇక్కడ లేదు, మనుషుల పేర్లు కూడా ఇక్కడ మార్చిన. నా పేరు చూస్తే ఆ పత్రం దొరుకుతది, పత్రం దొరికితే ఊరు దొరుకుతది. ఇంకోసారి ఆ ఊరిని నేను పట్టియ్యను.

ఎందుకు చెప్తున్న? యాదమ్మ క్షమిస్తదనా? ఆ ఆశ లేదు. చింపి ముఖం మీద కొడితే కొట్టొచ్చు. కొట్టకపోతే ఇంకా కష్టం. సేటుకు ఆయన దుకాణం ఎట్లొస్తది? ఆరేండ్ల పింఛన్ ఏ లెక్కలో వేసి లింగమ్మకు ఇస్తరు? ఏదీ తిరిగి రాదు. కాలేజీ వాళ్లు ఏమంటరో రేపు చూడాలె. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే రాసిన.

రాసింది మీకు కూడా చూపిస్తున్న. పెంచలే, తగ్గించలే.

"లింగమ్మ మోసం చెయ్యలేదు. ఆమె స్వయంగా వచ్చి, కోడలి మణికట్టును తన చేత్తో పట్టుకొని, తన పింఛన్‌ను తాను తీసుకోవడం నేను కండ్లారా చూసిన. యాదమ్మ ఒక్క పైస తప్పుడు చేతికి ఇయ్యలేదు. ఈ సంగతి బయటపెట్టింది సోమయ్య కాదు, నేను."